పలకరించడానికి దిగాను

ఆ మధ్య ఒక అమ్మాయి, ఒక అబ్బాయి తెనాలిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఇద్దరూ హెలికాప్టర్ పైలట్ శిక్షణ పూర్తిచేసి ఉద్యోగంలో చేరబోతున్నారు. ఈ చుట్టుపక్కల ఆ పని చేసి రిటైరైనవాడిని నేనొక్కణ్ణే కనుక నాలుగు మాటలు చెప్పించుకుందామని వచ్చారట. కాఫీ తాగాక ఆ అమ్మాయి అడిగింది, "సార్, మీ సర్వీసు మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన ఫ్లైట్ ఏదండీ?" అని.

సైన్యంలో ఉన్నప్పుడు మంచుకొండల మధ్య జబ్బుపడిన జవానుని దించుకొచ్చిన కథ చెప్పాను. ఇద్దరూ కళ్ళార్పకుండా విన్నారు. ఫోటో తీసుకుని, కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళారు.

వాళ్ళు గేటు దాటగానే నామీద నాకే అసహ్యం వేసింది. చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు, కానీ అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు. నా జీవితంలో కష్టమైన ఫ్లైట్ తెనాలిలో లేచి, కొల్లిపర మీదుగా కొల్లూరు లంక దాకా వెళ్ళి, మళ్ళీ తెనాలిలో దిగింది. మొత్తం పన్నెండు నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఆ పన్నెండు నిమిషాల సంగతి అప్పటిదాకా మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లలిద్దరి కోసం ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, మెడల్స్ గురించి రాయను. అవి అందరికీ వచ్చేవే.

ద్రాక్షతోటల మీద

సైన్యం నుంచి బయటికొచ్చాక నాసిక్ దగ్గర ఒక కంపెనీలో చేరాను. అక్కడ కనుచూపుమేరా ద్రాక్షతోటలు, వాటి మధ్య వైన్ తయారుచేసే పెద్ద షెడ్లు. శని ఆదివారాల్లో ముంబై నుంచి జనం కార్లేసుకొచ్చి, వైన్ రుచి చూసి, భోంచేసి, మా హెలికాప్టర్ ఎక్కేవారు. తోటల మీదుగా వెళ్ళడం, డ్యామ్ చుట్టూ ఒకసారి తిరగడం, కొండ పక్కగా వెనక్కి రావడం. పది నిమిషాల పని. రోజుకి ఇరవైసార్లు అదే దారి.

మొదట్లో నాకది నామోషీగా ఉండేది. జాతరలో రంగులరాట్నం తిప్పేవాడికీ నాకూ తేడా ఏంటని లోలోపల కుమిలిపోయాను. తేడా ఉంది, తర్వాత తెలిసింది. రంగులరాట్నం వాడు కావాలన్నా దారి తప్పలేడు. ఒకే దారిలో ఇరవైసార్లు తిరిగిన పైలట్‌కి ఇరవై ఒకటోసారి ఏదో ఒక సరదా పుడుతుంది. మంచుకొండల్లో భయం మనల్ని కాపాడుతుంది. ద్రాక్షతోటల మీద భయం ఉండదు కాబట్టి కాపాడేదీ ఏమీ ఉండదు.

మా చీఫ్ పైలట్ నాకన్నా చాలా పెద్దవాడు. మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ. చేరిన మొదటి వారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క సంగతి చెప్పాడు. "నువ్వు నడిపేటప్పుడు వెనకున్నవాళ్ళు చప్పట్లు కొట్టారంటే, చెయ్యకూడనిదేదో చేశావని అర్థం. బాగా నడిపినవాడికి ఎవరూ చప్పట్లు కొట్టరు. దిగి టీ కోసం చూసుకుంటారు."

ఆ మాట చెవినపెట్టినట్టే పెట్టి మర్చిపోయాను. ఒక ఆదివారం కొత్తగా పెళ్ళైన జంట ఎక్కి, "ఇంకాస్త కిందికి, ఇంకాస్త కిందికి" అని బతిమాలారు. తీగలు పూతమీదున్న రోజులవి. ఆ అమ్మాయి ఫోటో తీసుకునేదాకా ఒక తోట మీద కిందికి దిగి నిలబెట్టాను. అంతసేపూ మన రెక్కల గాలి నేలని కొడుతుందన్న స్పృహే లేదు నాకు.

మర్నాడు పొద్దున్నే ఆ తోట రైతు మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో నాలుగు గుత్తులున్నాయి. పువ్వు రాలిపోయి, కాడలు మాత్రం మిగిలాయి. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. హిందీలో మెల్లగా, "బాబూ, మీరు పైన పది నిమిషాలుంటారు, నేను కింద ఏడాదంతా ఉంటాను" అన్నాడు.

మా చీఫ్ నన్ను ఆ రైతుతో పంపించాడు. ఒక పూటంతా ఆయన వెనకాల వరస వరసా నడిచి, రాలినవన్నీ చూశాను. పదిహేను రోజులు నన్ను హెలికాప్టర్ ముట్టుకోనివ్వలేదు. తప్పు చేసిన సాయంత్రమే నాకు నేనుగా వచ్చి చెప్పి ఉంటే మూడు రోజులతో పోయేదన్నాడు. ఆ రోజు నుంచి నాకు నేను ఒక గీత గీసుకున్నాను: ఎక్కేచోట, దిగేచోట తప్ప ఇంకెక్కడా ఐదొందల అడుగుల కిందికి రాకూడదు. పద్నాలుగేళ్ళు ఆ గీత దాటలేదు. దాటలేదని గర్వంగా కూడా ఉండేది.

గుమ్మడికాయ, తూకం

రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా, శీతాకాలం చివర్లో మా కంపెనీ మన వైపు జాయ్‌రైడ్లు పెట్టింది. బాపట్లలో సముద్రం ఒడ్డున ఒక వారం, రేపల్లెలో ఒక వారం, తెనాలిలో ఒక వారం. "నీ సొంత ఊళ్ళు, నువ్వే వెళ్ళు" అన్నారు. ఎగిరి గంతేశాను.

బాపట్లలో మొదటి రోజు ఏర్పాట్లు చూసే మేనేజరు హెలికాప్టర్ ముందు గుమ్మడికాయ కొట్టబోయాడు. కర్పూరం వెలిగించి, కుంకుమ నింపి, నెత్తిమీదికెత్తాడు. అప్పటికే నేను ఇంజన్ స్టార్ట్ చెయ్యబోతున్నాను. పరుగున దిగి ఆపాను. ఆ ముక్కల్లో ఒక్కటి ఎగిరి రెక్కకి తగిలినా ఆ రోజుకి మా పని సరి.

"మీకు దేవుడంటే నమ్మకం లేదాండీ?" అన్నాడాయన నొచ్చుకుని.

"దేవుడి మీద ఉందండీ, గుమ్మడికాయ ముక్కల మీదే లేదు" అన్నాను. వంద గజాల దూరంలో కొట్టించి, చీపురు పెట్టి నేనే ఊడ్చాను. హెలికాప్టర్ దగ్గర పుల్ల, గుడ్డ, కాగితం, ఏదీ వదులుగా ఉండకూడదని ఆ మూడు వారాలూ అక్కడి పనివాళ్ళని పీక్కుతిన్నాను. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

తర్వాతి గొడవ తూకం. ఎక్కేవాళ్ళని బరువు చూసి కూర్చోబెట్టాలి. మన జనానికి బరువు చెప్పడమంటే వయసు చెప్పడం కన్నా కష్టం. మిషన్ ఎక్కమంటే రేపల్లెలో ఒకావిడ, "ఒళ్ళు తూచడమేంటి బాబూ, మేమేమన్నా ధాన్యం బస్తాలమా?" అని దెబ్బలాడింది. వాళ్ళాయన మాత్రం భార్య అంకె చూసి నోరు మూసుకుని నవ్వుకున్నాడు. మీరు మాత్రం ఎవరి నోటిమాటా నమ్మకండి. మిషన్ మీద నిలబెట్టండి.

మూడు ఊళ్ళలోనూ నేను గమనించింది ఒకటుంది. నాసిక్‌లో ఎక్కినవాళ్ళు ద్రాక్షతోటలు చూసి మురిసిపోయేవారు, ఎందుకంటే అవి వాళ్ళవి కావు. మనవాళ్ళకి ఎదురుగా సముద్రం పెట్టినా, రేపల్లె అవతల కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూపించినా, మడ అడవులు చూపించినా, "బానే ఉంది గానీ, మా చేను ఎటండీ?" అని అడుగుతారు. రోజూ చూసే చేనే. పొద్దున గట్టు మీద నడిచొచ్చిన చేనే. దాన్నే పైనుంచి చూడాలి. చూపించలేనని చెప్పి, చెప్పి నా నోరు నొప్పిపుట్టేది.

అలా చెప్పినవాణ్ణే, చివరికి నేనూ ఆ పనే చేశాను.

పసుపు చీర

మా అన్నయ్య కోటేశ్వరరావు నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. కొల్లూరులో ఉంటాడు. అప్పట్లో అక్కడి ఏటి లంకలో ఎకరన్నర చక్కెరకేళి అరటితోట వేశాడు. నాన్న పోయినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అన్నయ్య చదువు మానేసి, ఆ లంక మట్టిలో దిగి నన్ను చదివించాడు. నేను పైలట్‌ని కావడమంటే సగం వాడి పనే.

తెనాలిలో మొదటి రోజు రాత్రి భోజనాల వేళ ఫోన్ చేశాడు. "ఒరేయ్ శీనూ, ఇవాళ ఆరుసార్లు మా నెత్తిమీద నుంచి పోయావు. పైనుంచి మన తోట తెలిసిందా?"

"లంకంతా ఒకటే ఆకుపచ్చగా ఉంటుంది అన్నయ్యా, ఏది ఎవరిదో ఏం తెలుస్తుంది?" అన్నాను. "నువ్వూ వదినా రండి, ఎక్కించుకుంటాను" అని కూడా అన్నాను.

"నేను రానురా. ఎవడో ఒకడు కిందుండి నిన్ను చూడాలిగా" అన్నాడు.

మర్నాడు కొల్లూరు మీదికి రాగానే ఆకుపచ్చ మధ్యలో పసుపుపచ్చగా ఒక గీత కనబడింది. అన్నయ్య మోటారు షెడ్డు రేకుల మీద వదిన పాత పేరాల నేత చీర పరిచి, చుట్టూ ఇటుకలు పెట్టాడు. పక్కన నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు. వెయ్యి అడుగుల ఎత్తులో నా కళ్ళు చెమర్చాయి. హెలికాప్టర్‌ని కొంచెం ఇటూ అటూ వంచాను. అదే నా నమస్కారం. అన్నయ్యకి అర్థమైంది. ఆ రాత్రి ఫోన్లో, "నువ్వు అట్టా వంగుతుంటే మీ వదిన హడలిపోయిందిరా" అని పడీపడీ నవ్వాడు.

మూడో రోజు కూడా అలాగే గడిచింది. మన ఊళ్ళ సంగతి మీకు తెలుసు. ఒకరి వాకిలి ముందు నుంచి వెళ్తూ "ఏం చేస్తున్నారండీ" అని పలకరించకుండా పోతే, ఆ మాట పదేళ్ళు ఉంటుంది. "మా వీధిలోంచే పోయాడు, తల కూడా తిప్పలేదు" అంటారు. నేను రోజుకి పదిసార్లు మా అన్నయ్య వాకిలి మీద నుంచి పోతున్నాను. ఆ వంగడం నాకు చాలలేదు. మూడో రాత్రి అన్నయ్య ఇంకో మాటన్నాడు. "మీ వదిన నమ్మట్లేదురా. నడిపేది శీనయ్యో ఇంకొకడో ఎవరు చూడొచ్చారు, మొహం కనబడదుగా అంటోంది."

అది సరదా మాట. నేను దాన్ని పట్టుకున్నాను.

నాలుగో రోజు ఉదయం మూడో ట్రిప్పులో బట్టల కొట్టాయన కుటుంబం ఎక్కింది. ఆయన, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. కొల్లూరు దగ్గరికి రాగానే, "మా అన్నయ్య తోట చూస్తారా?" అని నేనే అడిగాను. నన్నెవరూ బతిమాలలేదు. ఆ ఆడపిల్లలు "చూస్తాం అంకుల్" అన్నారు. పద్నాలుగేళ్ళ నా గీత దాటి, వేగం తగ్గించి, తాటిచెట్టు కన్నా కాస్త ఎత్తుకి దిగాను. అన్నయ్య మొహం కనబడింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. నేను చెయ్యి ఊపాను.

చీర ఒక అంచున ఇటుకలు కదిలాయి. పన్నెండు మూరల గుడ్డ షెడ్డు మీది నుంచి లేచి మా వైపే వచ్చింది.

పైలట్ అయినవాడికి విడమర్చి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ చీర తోక దగ్గరి రెక్కలో చుట్టుకుంటే హెలికాప్టర్ బొంగరంలా తిరిగి ఉన్నచోటే కూలుతుంది. నా ఎడమచేతి కిందున్న లివర్‌ని ఆఖరిదాకా పైకి లాగాను. మిషన్ ఒక్క ఊపున లేచింది. చీర మా కింద నుంచి జారి, ఏటి ఇసుకలో పడింది. అంత బలంగా పైకి లేవాలంటే అంత గాలినీ కిందికి తోసెయ్యాలి. ఆ గాలంతా తోట మీద పడింది.

వెనక సీట్లలో నలుగురూ చప్పట్లు కొట్టారు. వాళ్ళని సంతోషపెట్టడానికి అలా ఎగిరించాననుకున్నారు.

గాలికి పడ్డాయండి

తర్వాతి ట్రిప్పులో, వెయ్యి అడుగుల మీద నుంచి చూశాను. తోట నడుమ భాగమంతా పడుకుని ఉంది. వెదురు ఊతలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఇంకో మూడు వారాల్లో కొయ్యాల్సిన గెలలు అవన్నీ. పక్క సీట్లో కొల్లిపర నుంచి వచ్చిన ఒక మాస్టారున్నారు. "అదేంటండీ, అంత తోట అట్టా ఒరిగిపోయింది?" అన్నారు.

"గాలికి పడ్డాయండి" అన్నాను.

ఆయన మామూలుగా అడిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే తడబడ్డాను. దాని తర్వాత ట్రిప్పు నుంచి ఆ తోట కనబడకుండా దారి మార్చేశాను. మేనేజరు కారణం అడిగితే ఏవో కరెంటు తీగలని చెప్పాను.

ఇలాంటిది జరిగితే ఆ రోజే కంపెనీకి రాసి ఇవ్వాలి. అది నియమం. రాయలేదు. రాస్తే జాయ్‌రైడ్లు ఆపేస్తారు, విచారణ పెడతారు, లైసెన్సు సంగతి తేలేదాకా ఇంట్లో కూర్చోమంటారు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాడికి మచ్చ ఎందుకనుకున్నాను. ద్రాక్షతోట రైతు వెనక నడిచిన పూట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినా రాయలేదు. తెలియక చేసిన తప్పుకి, తెలిసి దాచిన తప్పుకి ఒకే పేరు పెట్టకండి.

చీకటిపడే వేళకి అన్నయ్యే ఫోన్ చేశాడు. ఆ మాటలు నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"శీనూ, నువ్వు బానే దిగావుగా?"

"బానే దిగాను అన్నయ్యా. తోట..."

"తోట గాలికి పడిందిరా. సుడిగాలి ఏదో వచ్చింది. ఊళ్ళో అందరికీ అదే చెప్పాను. నువ్వేమీ మనసులో పెట్టుకోమాక."

నేను అనాల్సిన మాట ఒకటుంది. దాన్ని అనలేదు. "అయ్యో, అవునా" అన్నాను. ఆ "అవునా" అన్నది నా నోరే. మా అన్నయ్య ఒక అబద్ధాన్ని నాకు గొడుగులా పట్టుకొస్తే, ఏమీ ఎరగనట్టు దాని కింద దూరాను.

వారం అయిపోయింది. తెనాలి నుంచి కొల్లూరు ఎంతో దూరం లేదు. వెళ్ళి తోటలో నిలబడి ఉండాల్సింది. హెలికాప్టర్‌ని ఇంకో పైలట్‌కి అప్పజెప్పి, సామాన్లు సర్దుకుని నేరుగా విజయవాడ వెళ్ళి రైలెక్కాను. పలకరించడానికని అంత కిందికి దిగినవాణ్ణి, పలకరించాల్సిన రోజున మొహం చాటేశాను.

తర్వాత వదిన ద్వారా తెలిసింది. పంట నష్టం రాసుకోవడానికి ఊళ్ళోకి మనిషి వచ్చాడట. "గాలికి పడిందని రాయించుకో, ఎంతో కొంత వస్తుంది" అన్నారట చుట్టుపక్కలవాళ్ళు. అన్నయ్య రాయించుకోలేదు. "నోటితో అన్నది చాల్లే, కాగితం మీద వద్దు" అన్నాడట. ఎందుకో వాళ్ళకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

చప్పట్లు

ఏడాది తర్వాత రిటైరయ్యాను. కంపెనీవాళ్ళు శాలువా కప్పి, "ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. చివరి వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న అన్నయ్య అందరికన్నా ఎక్కువసేపు కొట్టాడు. మా పాత చీఫ్ పైలట్ అన్న మాట ఆ రోజు నా తలలో గింగిరాలు తిరిగింది. ఆ శాలువా ఇంకా బీరువాలో ఉంది. విప్పి చూడలేదు.

తెనాలిలో ఇల్లు కట్టుకున్నాక కొల్లూరు చాలాసార్లు వెళ్ళాను. లంకలోకి మాత్రం వెళ్ళేవాణ్ణి కాదు. అరటి తీసేసి పసుపు వేశాడని విన్నాను. ఎందుకు తీసేశావని అడగలేదు. అడిగితే ఆ మాట వస్తుందని భయం.

దండెం

ఆ పిల్లలిద్దరూ వచ్చి వెళ్ళిన మర్నాడే కొల్లూరు వెళ్ళాను. అన్నయ్య, నేను వరండాలో కాఫీ తాగుతున్నాం. ఎక్కడి నుంచో హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. నాకది చిన్న మిషనని, చాలా ఎత్తులో ఉందని, మన వైపు రావడం లేదని చప్పుడుని బట్టే తెలిసిపోయింది.

అన్నయ్య గ్లాసు కింద పెట్టి లేచాడు. వాడికి డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పెరట్లోకి గబగబా నడిచి దండెం మీద ఆరేసిన బట్టలన్నీ లాగి, భుజాన వేసుకుని, లోపల మంచం మీద పడేసి వచ్చాడు. ఇంకా తడి ఆరలేదు వాటికి.

"ఏంటొదినా ఇది?" అన్నాను.

"ఏం చెప్పమంటావు శీనయ్యా, నాలుగేళ్ళ బట్టీ ఇదే వరస" అంది గుమ్మంలో నిలబడ్డ వదిన. "పైన చప్పుడైతే చాలు, గుడ్డ ముక్క బయట ఉండనివ్వడు. పక్కింటోళ్ళ దండెం మీదవి కూడా తీసేస్తే మొన్న ఆ పిల్ల దెబ్బలాటకొచ్చింది. డాబా మీద పట్టా పరిచి మిరపకాయలు ఎండబెట్టుకోనివ్వడు."

అన్నయ్య మళ్ళీ కూర్చున్నాక, మొహంలోకి చూడలేక గ్లాసులోకి చూస్తూ చెప్పాను.

"అన్నయ్యా, ఆ రోజు తోట పడింది గాలికి కాదు. నేను కిందికి దిగబట్టి పడింది."

"తోట సంగతి ఎవడిక్కావాలిరా. నాకు తెలియదా ఏంటి" అన్నాడు. గ్లాసు మళ్ళీ అందుకుని, "ఆ చీర పరిచింది నేనేగా" అన్నాడు.

నేను తలెత్తి చూశాను.

"పొద్దున పరిచేటప్పుడే అనుకున్నా, ఇంకో నాలుగు ఇటుకలు పెడదామని. గట్టు దాకా వెళ్ళాలని బద్ధకించా. నువ్వు నవ్వుతా చెయ్యి ఊపుతున్నావు. వెనకాల ఇద్దరు ఆడపిల్లలు అద్దానికి మొహాలు ఆనించి చూస్తున్నారు. అది లేచింది. నేనే చంపేశాననుకున్నా శీనూ, మిమ్మల్నందర్నీ. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ పసుపు గుడ్డే."

"నీ తప్పు రవ్వంత కూడా లేదన్నయ్యా" అన్నాను. "నేను ఉండాల్సిన ఎత్తులో ఉంటే నువ్వు వంద చీరలు పరిచినా ఏమీ కాదు. అంత కిందికి రావడమే తప్పు. ఆ సంగతి నాకు నాసిక్‌లోనే తెలుసు. తెలిసే వచ్చాను."

అన్నయ్య నా వైపు తిరిగి చూశాడు. కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"ఈ ముక్క ఆ సాయంత్రం ఫోన్లో చెప్పకపోయావా?" అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను దాచిందేదో నా మచ్చ, దాని బరువు నేనే మోస్తున్నాననుకున్నాను. నేను నోరు మూసుకుని లైసెన్సు కాపాడుకుంటుంటే, మా అన్నయ్య నాలుగేళ్ళు హంతకుడిలా బతికాడు. ఒక్క వాక్యం, "తప్పు నాది" అని ఫోన్లో అని ఉంటే, ఆ రాత్రే వాడు నిద్రపోయేవాడు.

ఆ పిల్లలిద్దరికీ నేను చెప్పగలిగింది ఇంతే. తప్పు చెయ్యనివాడు ఈ పనిలో లేడు, మీరూ చేస్తారు. ఆ సాయంత్రమే చెప్పెయ్యండి. కంపెనీ కోసమో నియమం కోసమో మాత్రమే కాదు. మీరు చెప్పకుండా వదిలేసిన తప్పు ఊరికే ఉండదు. నేల మీద ఇంకొకరెవరో దాన్ని తమదనుకుని ఎత్తుకుంటారు. ఈ కాగితాలు ఒక కాపీ కంపెనీకి కూడా పంపిస్తున్నాను. వాళ్ళు ఏం చేస్తే అది చేస్తారు. శాలువా తిరిగి ఇమ్మంటే ఇచ్చేస్తాను.

పోయిన వారం మళ్ళీ కొల్లూరు వెళ్ళాను. ఈసారి అన్నయ్యతో లంకలోకి కూడా వెళ్ళి, ఆ చేలో పసుపు వరసల మధ్య నడిచాను. ఇంటికొచ్చి భోంచేసి కూర్చున్నాక దూరంగా చప్పుడు మొదలైంది. అన్నయ్య లేచాడు.

"నీ తప్పు లేదని చెప్పానుగా అన్నయ్యా" అన్నాను.

"చెప్పావురా. కాళ్ళు వినట్లేదు" అన్నాడు నడుస్తూనే.

నేనూ లేచి వెళ్ళి, దండెం రెండో కొస నుంచి బట్టలు తియ్యడం మొదలుపెట్టాను.